చెంచాడు నీళ్ళు

అల్యూమినియం కరగడానికి ఎంత వేడి కావాలో కొలిమి మేస్త్రీ కంటిచూపుతో చెప్పగలడు. చెల్లెలి మొగుడు కరగడానికి ఎంత కావాలో మాత్రం ఆరేళ్ళయినా అంతుపట్టలేదు. ఆ మనిషికీ మూడు స్థితులున్నాయి. పొద్దున బండరాయి. సాయంత్రం సారా. ఇల్లు చేరాక ఆవిరి. మూత ఎగరగొట్టి, ఎదురొచ్చినవాళ్ళ మూతి కూడా ఎగరగొట్టే రకం. నిన్న ఎగిరింది చెల్లెలి ముందుపన్ను.

ఇవాళ ఆ మొగుడే ఏమీ ఎరగనట్టు తుక్కుబుట్ట మోసుకుంటూ కొలిమి దగ్గరికొచ్చాడు.

"ఏం మేస్త్రీ బావా, మూస కాగిందా?"

"మూస సంగతి తరవాత. ముందు నువ్వు నోరు మూస్కో. దాని పన్నేదిరా?"

"నాలిక పొడుగైతే పళ్ళు పొట్టవుతాయ్. మొగుడూ పెళ్ళాల మధ్య నీకేం పని?"

"ఇంకోసారి చెయ్యి లేచిందో, ఆ చెయ్యి విరుస్తా."

"గరిటె తిప్పుకునేవాడివి, నువ్వా విరిచేది!"

మేస్త్రీ చేతిలో ఉన్నది నిజంగానే గరిటె. మూసలో కరిగిన లోహం మీద తేలే మడ్డి తీసే నిలువెత్తు ఇనపగరిటె.

తుక్కు ఏదైనా సరే, కొలిమి గట్టు మీద గంటసేపు కాగాలి. మీద ఉమ్మితే సుయ్యిమని ఎగిరిపోవాలి. అప్పుడే మూసలోకి. ఎందుకంటే చెంచాడు నీళ్ళు కరిగిన లోహం కిందికి పోతే ఒక్క రెప్పపాటులో బిందెడు ఆవిరి. పైకొచ్చేటప్పుడు అది ఒంటరిగా రాదు, నిప్పులాంటి లోహాన్నంతా వెంటబెట్టుకుని మొహం మీదికొస్తుంది.

చెల్లెలి మొగుడు ఆ కోపంలో గట్టు మరిచాడు. ఒక కొస నొక్కుకుపోయిన పైపు ముక్క తీసి నేరుగా మూస మీదికి ఎత్తాడు. నిన్నంతా వానలో నానిన తుక్కు అది. లోపల నీళ్ళు బుడుంగుమనడం మేస్త్రీకి వినబడింది.

రెండడుగులు వెనక్కి వేస్తే ఇటుక గోడ చాటు. మిగతా పని నీళ్ళే చూసుకుంటాయి. ఎవరూ అడగరు. చెల్లెలికి పీడ విరగడ.

మేస్త్రీ ఒక అడుగు వేశాడు.

రెండో అడుగు పడలేదు. గరిటె లేచింది. చెల్లెలి మొగుడి మణికట్టు ఎండుకట్టెలా ఫెళ్ళుమంది. పైపు గట్టు మీద పడి దొర్లింది గానీ, నాలుగైదు బొట్లు నీళ్ళు మూసలోకి చిందనే చిందాయి. ఢాం! వెండిచుక్కలు కప్పుకి తగిలి రాలాయి. మూడు చుక్కలు మేస్త్రీ ముంజేతి మీద పడి, కండలోకి దిగి, అక్కడే గడ్డకట్టాయి.

"చంపేశాడ్రోయ్!" చెల్లెలి మొగుడు కింద పడి దొర్లుతున్నాడు.

గరిటె మళ్ళీ లేచింది. ఈసారి మూతి మీద. రెండు పళ్ళు రక్తంతో సహా నేలరాలాయి.

ఆసుపత్రి వరండాలో చెల్లెలు కొంగు నోటికడ్డం పెట్టుకుని అంతా వింది.

"చెయ్యి విరిచింది నీళ్ళు పడకుండా. సరే. మూతి దేనికన్నయ్యా?"

మేస్త్రీ ముంజేతి కట్టు వైపు చూసుకున్నాడు. "అది కాదమ్మా చెప్పాల్సింది. కొట్టకముందు... నేను ఒకడుగు వెనక్కేశా."

గోడ చాటు ఎక్కడుందో ఆమెకి తెలుసు. అన్నకి రోజూ సద్ది తెచ్చేది తనే. తరవాత లోపలికెళ్ళి, మొగుడి మొలతాడుకున్న ఇంటి తాళంచెవి ఊడదీసుకొచ్చింది.

"ఎముక అతకడానికి ఆరువారాలట. ఈలోగా ఆ ఇంటికి నేను తాళం మారుస్తా." రెండడుగులు నడిచి వెనక్కి తిరిగింది. "అన్నయ్యా, నువ్వు కూడా కొన్నాళ్ళు రాకు."