తెల్ల రుమాలు

షోరూమ్ షట్టర్‌ను జనం దబదబా బాదుతున్నారు. అక్కడ అమ్మిన డీజిల్ కారు, పొగ పరీక్ష అని పసిగట్టినప్పుడే బుద్ధిగా నడుస్తుందనీ, రోడ్డెక్కాక విషం కక్కుతుందనీ పొద్దున్నే వార్త వచ్చింది. ప్రభుత్వం విచారణ కూడా మొదలుపెట్టిందట.

లోపల సేల్స్ అమ్మాయి షట్టర్ వైపే చూస్తోంది. పొగగొట్టం దగ్గర తెల్ల రుమాలు పెట్టి, మరక పడలేదని చూపించి ఆ కార్లు అమ్మింది తనే. కొడుక్కి ఆయాసమని భయపడే సొంత అక్క చేత కూడా కొనిపించింది. ఇప్పుడు బయట అక్క గొంతే అందరికంటే గట్టిగా వినిపిస్తోంది.

"వెనక గేటు నుంచి వెళ్లిపోమ్మా. నోరు విప్పావో, ఉద్యోగం ఉండదు," అన్నాడు మేనేజర్.

ఆమె షట్టర్ ఎత్తేసింది.

"అక్కా, నన్నూ మోసం చేశారు. కానీ నిన్ను నమ్మించింది నేనే. ఆ రుమాలు నాటకం మాకెవరు నేర్పారో విచారణలో చెప్తాను."

"ఉద్యోగం ఊడుతుందే, పిచ్చిదానా," అంది అక్క.

"ఊడనీ. నీ కొడుకు ఊపిరి కంటే ఎక్కువా?"

అక్క కళ్లు తుడుచుకుంది. "నీ వాగుడు ఇన్నాళ్లకి ఒక మంచి పనికొచ్చింది. పద, కారు తీస్తాను."

"ఆ కారా? వద్దు తల్లీ, నడుద్దాం," అన్నాడు వెనక నుంచి ఓ ముసలాయన.

ఘొల్లున నవ్వారు. షట్టర్ బాదిన జనమంతా అక్కాచెల్లెళ్ల వెంట విచారణ జరుగుతున్న ఆఫీసు వైపు నడిచారు.