మానేసినవాళ్ళ పట్టీ

ముసలివాళ్ళు జారిపడకుండా వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించే క్లాసు నడిపేది పెద్దకోడలు. ఆ క్లాసు నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చే ఉద్యోగం చిన్నకోడలిది. సొంత తోటికోడలి పనికి మార్కులు వేయడం పద్ధతి కాదని ఆమె మొత్తుకుంది. ఆఫీసులో ఇంకో మనిషి లేడు, పని ఆమె నెత్తినే పడింది.

ఆఫీసు గోడ మీద ఆ క్లాసు పటంలో మూడు గడులు, రెండు బాణాలు. వ్యాయామం చేస్తే కాళ్ళకు బలం, బలం వస్తే పడరు. క్లాసుకొచ్చే అరవైమందిలో ఒక్కరూ పడలేదని పెద్దకోడలు కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంది. ఇక అన్ని పేటల్లోనూ ఇవే క్లాసులు, అన్నిటికీ ఆవిడే పెద్ద. శాఖ కార్యదర్శి సంతకం ఒక్కటే తరువాయి. అంతమంది ముసలివాళ్ళలో ఒక్కరూ పడలేదంటే ఎవరికైనా అనుమానం రావాలి, వచ్చింది చిన్నకోడలికే.

ఎందుకంటే అత్తగారు స్నానాలగదిలో పడి, తుంటి ఎముక విరిగి, మూడు నెలలుగా చిన్నకోడలింట్లో మంచాన ఉంది. "ఆవిడ రెండు వారాల ముందే క్లాసు మానేసింది. నువ్వు పట్టించుకోలేదు, అందుకే పడింది" అని పెద్దకోడలు చుట్టాలందరి ముందూ కడిగేసింది. తెల్లారగానే ఆఫీసుకి పరిగెత్తే చిన్నకోడలికి ఆవిడ ఎప్పుడు మానేసిందో తెలీదు, నిజమేననుకుంది. అత్తగారిని అడిగితే గోడవైపు తిరిగి పడుకునేది. పెద్దకోడలంటే ఆవిడకి హడల్.

చిన్నకోడలు హాజరు పట్టీ తెప్పించుకుంది. చివరి పేజీలో 'మానేసినవాళ్ళు' అని పధ్నాలుగు పేర్లు. వాళ్ళని లెక్కలోంచి తీసేశారు. ఆమె ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి అడిగింది. ఇద్దరు తీరిక లేక మానేశారు, పదకొండుమంది పడ్డాకే మానేశారు. మిగిలిన పేరు అత్తగారిది. ఆవిడ పడింది శుక్రవారం. ముందురోజు గురువారం గడిలో టిక్కు ఉంది, తోటికోడలు స్వయంగా పెట్టిందే. చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది.

మీటింగులో పెద్దకోడలి ఎదుటే ఆమె పటం మీద 'మానేయడం' అని ఇంకో గడి వేసి, పడడం నుంచి దానికి బాణం గీసింది.

"మానేసి పడలేదండీ, పడి మానేశారు. పడ్డవాళ్ళని లెక్కలోంచి కొట్టేస్తే మిగిలేది పడనివాళ్ళే కదా. క్లాసువల్ల పడ్డారని నేననను. క్లాసు కాపాడిందనడానికి మాత్రం ఈ లెక్క చాలదు."

కార్యదర్శి పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

వరండాలో పెద్దకోడలు దారికి అడ్డంగా నిలబడింది. "కడుపు చల్లబడిందా?"

"లేదు. మూడు నెలలు ఆవిడకి ఒళ్ళు తుడుస్తూ, అంతా నావల్లేనని ఏడ్చాను. రేపట్నుంచి నువ్వొచ్చి తుడువక్కా. రాకపోతే ఆ పట్టీ చుట్టాలందరికీ చూపిస్తాను."

మర్నాడు ఏడింటికల్లా పెద్దకోడలు వచ్చింది. తోటికోడలి మొహం చూడకుండా లోపలికి పోయింది. వేణ్ణీళ్ళ గిన్నె మంచం పక్కన పెట్టుకుని, తువ్వాలు ఎక్కడుందని అడిగింది.

చిన్నకోడలు చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది.