బ్లాస్టింగ్ లేని మధ్యాహ్నం

సంతోషి కండ్లు తెరిచేసరికి ఎనిమిది నెలల హర్షిణి మంచం కింద బండల మీద ఉన్నది. నోరు తెరిచే ఉన్నది గని ఏడుపు రాలే. ముఖం కమిలింది, ఊపిరి లోపట్నే ఆగింది. ఆ ఎనుక ఒక్కసారే ఇల్లెగిరిపోయేటట్టు మొత్తుకున్నది.

వంటింట్ల పిండి కలుపుతున్న అత్త ఐలవ్వ ఆ చేతులతోనే ఉరికొచ్చింది. "ఏమైందే? ఎట్ల పడ్డది?"

"బ్లాస్టింగుకు మంచం అదిరింది అత్తమ్మా."

అబద్ధం ఆడుదామని అనలే సంతోషి. ఆమెకు నిజంగనే అదిరింది. ధన్మని పేలింది, మంచం కోడు కదిలింది, గూట్ల గిలాసలు గలగలమన్నయి. పండ్లొస్తున్న పిల్లతోని నాలుగు దినాల నుంచి కునుకు లేదు. అప్పుడే కన్నంటుకున్నది, అంతల పేలింది.

ఆ వాడకు అది కొత్త గాదు. వెనుకనే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు. దినాం రెండున్నరకు సైరన్, ఆ ఎనుక పేలుడు, ఆ ఎనుక దుమ్ము. ఆడోళ్లు గడియారం చూడరు, పేలినంక చాయ పెడ్తరు.

పిల్ల ఏడుపుకు పక్కింటి సారవ్వ వచ్చింది, ఆమె ఎంబడి ఇంకో నలుగురు. బ్లాస్టింగుకు మంచం అదిరి పడ్డదని ఐలవ్వ చెప్పింది.

"ఇయ్యాల మరీ గట్టిగ పేల్చిండ్రు. మా గోడ మీది ఫోటో వంకర పోయింది" అన్నది సారవ్వ.

"నా చేతి కింద పిండి గిన్నె కదిలింది" అన్నది ఐలవ్వ.

పిల్ల నొసట నిమ్మకాయంత బొప్పి లేచింది. ఆటోల గోదావరిఖని దవాఖానకు తీస్కపోతే డాక్టరమ్మ చూసి భయం లేదన్నది. తిరిగొచ్చేసరికి వాడ ఆడోళ్లు ఒక మాట మీదికి వచ్చిండ్రు. రేపు పొద్దుగాల బొగ్గుబాయి ఆఫీసుకు పోవాలె, మేనేజరు సారు ముందట ఈ పిల్లను చూపెట్టాలె.

సంతోషి పెనిమిటి జైపాల్ ఆ ఓపెన్‌కాస్టులనే డ్రిల్లు మిషన్ మీద పని చేస్తడు. డ్యూటీ దిగి వచ్చి, బిడ్డనెత్తుకొని, సంగతంత విని నొసలు ముడిచిండు.

"ఇయ్యాల మేం ఏడ పేల్చినం? పేలుడు మందు తెచ్చే బండి తొవ్వల ఖరాబై బసంత్‌నగర్ కాడనే ఆగింది. సైరనే కొట్టలే."

"మిషన్ల చప్పుడుకు నీ చెవులు పోయినయి కొడుకా" అన్నది సారవ్వ.

"పేల్చేదే మేము గద చిన్నమ్మా!"

"అయితే వాడంత కలిసి కలగన్నదా? నేనైతే పండుకోలే, బియ్యం చెరుగుతున్న."

అందరు నవ్విండ్రు. జైపాల్ గూడ నవ్వి, "మీతోని ఎవడు గెలుస్తడు" అనుకుంట స్నానానికి పోయిండు. సంతోషికి నవ్వు రాలే.

పేల్చేటోడే పేల్చలేదంటున్నడు. వీళ్లు దినాం వినేదే విన్నరు. బ్లాస్టింగన్న తన మాట చెవులవడ్డంక పేలుడు యాది తెచ్చుకున్నరు. మరి తనకు పేలిందేంది?

దండెం మీద బట్టలేస్తుంటె కల కొసలు ఒక్కొక్కటే దొరికినయి. పెద్దపల్లిల తల్లిగారిల్లు. ఒక్క చాప మీద తను, చెల్లె జమున. జమున ఎప్పటి లెక్కనే మీద మీదికి జరుగుతున్నది, వీపుకు ఉడుకుడుకుగ తాకుతున్నది. "జరుగే" అని మోచేత్తోని ఒక్క నెట్టు నెట్టింది. అప్పుడు పేలింది.

ఈ మంచం మీద జమున యాడున్నది? ఆ ఉడుకు హర్షిణిది. ఆ పేలుడు బిడ్డ నొసలు బండకు తాకిన చప్పుడు.

తడి చీర చేతిల పట్టుకొని అట్లనే నిలబడ్డది. నిద్రల కదిలిన చెయ్యి తనది గాదని చెప్పుకుందామని చూసింది. గని ఆ నెట్టుడుల కోపం ఉండె. పండుకోనియ్యవా అన్న కోపం. అది కలది గాదు, నాలుగు దినాల నుంచి కడుపుల ఉన్నదే.

తెల్లారి ఆడోళ్లు తయారై వచ్చిండ్రు. సారవ్వ పిల్ల టోపి గుంజేసింది. "బొప్పి కనబడాలె. నువ్వు ఊకె ఏడ్వు, మాట మేం మాట్లాడుతం."

"నేను రాను" అన్నది సంతోషి. "నిన్న పేలలే. నిద్రల నేనే నెట్టిన."

తిడ్తరనుకొని తల వంచుకున్నది.

"నిద్రల ఉన్నదానివి, నీకేమెరుక?" అన్నది సారవ్వ. "మెలకువల ఉన్నోళ్లం మేం చెప్తలేమా? పిల్ల పడ్డదని ఫికర్ పెట్టుకొని ఏందేందో అంటున్నది. నడువుండ్రి."

పిల్ల లేకుండనే పోయిండ్రు. ఐలవ్వ పోలే. గడప మీద కూసున్నది.

"నాకు నిజంగ వినబడ్డది సంతోషీ."

"నాకు గూడ వినబడ్డది అత్తమ్మా. అది పిల్ల పడ్డ చప్పుడు. నీకు గూడ అదేనేమో."

ఐలవ్వ తన చేతుల దిక్కు చూసింది. "ధన్మంటె పేలిందిలే అనుకొని పిండిల ఇంకింత నీళ్లు పోసి కలుపుకుంట కూసున్న" అన్నది మెల్లగ. మల్ల తనే అన్నది, "ఇగ పగటిపూట పిల్లను నా పక్కల పండుకోవెట్టుకుంట. నువ్వు వేరే అర్రల పండుకో."

కోపం లేకుండ అన్నది. రెండు దెబ్బలేసినా బాగుండు అనిపించింది సంతోషికి.

"ఆఁ" అన్నది. పిల్లను అత్త ఒడిల పెట్టింది. హర్షిణి అప్పుడే రెండు చేతులు చాపి తల్లి మీదికి వంగింది, ఎత్తుకొమ్మని. ఎత్తుకోవాలంటె సంతోషి చేతులు ఎమ్మటే లేవలే.