పొరపాటున అనే మాట

రాజకుమార్, పైకి అంటే ఎవరో పక్కవీధి అబ్బాయిని పిలిచినట్టుంది, నా జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు అదే, పదకొండేళ్ల కిందట బెంజమిన్‌ని పెళ్ళాడి మలేషియా నుంచి కలిదిండి వస్తున్నప్పుడు వీసా ఫారంలో మాత్రం ఇమ్మానుయేలు అని రాశాను, చెయ్యి ఆగనైనా ఆగలేదు, ఇప్పుడు పౌరసత్వానికి పెట్టుకుంటే రెండు పేర్లూ ఎదురుపడ్డాయి, సరిచేస్తూ అఫిడవిట్ తెమ్మన్నారు, అందుకే ఏలూరులో ఈ నోటరీ గది, నీరసంగా తిరిగే ఫ్యాను, పక్క కుర్చీలో అత్తయ్య పుష్పమ్మ గారు, టైపు చేసే చంద్రకళ గారేమో పొరపాటున రాశానని పెడదామాండీ, అందరూ అలాగే పెడతారండీ అంటున్నారు, పొరపాటున, ఎంత మెత్తని మాట, కొల్లేటి గట్టున బురదలో పాదం దిగినట్టు చల్లగా దిగిపోవచ్చు అందులోకి

టైపు చప్పుడు వానవుతోంది, మలేషియాలో పామాయిల్ మట్టల మీద వాన, సైకిల్ కడ్డీ మీద నేను, నా తలకి ఆనుతున్న నాన్న గడ్డం, ఆయన చొక్కాలో గెలల వాసన, బైబిల్లో వేలు పెట్టి తెలుగు అక్షరాలు చూపించింది ఆయనే, నేను కడుపులో ఉండగా అమ్మ ఆయన ఇంటి మెట్లెక్కితే ఎవరు, ఏమిటి అని అడగలేదట, మర్నాడు వెళ్ళి ఉయ్యాలకి తాడు కొనుక్కొచ్చారట, ఈ సంగతి బెంజమిన్‌కి తెలుసు, అత్తయ్యకి చెప్పలేదు, చెబితే ఏమంటారోనని పదకొండేళ్లూ నవ్వుతూ తప్పించుకున్నాను, ఇదిగో ఆవిడే కాగితం మీదికి వంగి రాజకుమార్ ఎవరమ్మా అంటున్నారు

నన్ను కన్నాయనండీ, నేను పుట్టకముందే వెళ్ళిపోయారు, అన్నాను, నా గొంతు చెరువు అవతలి గట్టు నుంచి వినిపిస్తోంది, అత్తయ్య కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుస్తున్నారు, తుడుస్తూనే ఉన్నారు, మరి మీ పెళ్ళికొచ్చి లుంగీ ఎగ్గట్టి మన చెరువులో చేపలకి మేత చల్లిన ఆయనెవరు, ఆయనే మా నాన్నండీ, నేనూ అదే అంటున్నాను, అదే రాయించు అన్నారావిడ

చంద్రకళ గారూ, పొరపాటున అనే మాట తీసేయండి, తండ్రి పేరు గడిలో రాజకుమార్ అనే పెట్టండి, కింద మాత్రం తెలిసే రాశానని, నన్ను పెంచింది ఇమ్మానుయేలు గారని రాయండి, అలా రాస్తే పిలిచి ప్రశ్నలేస్తారండీ, ఆలస్యమవుతుందండీ, కాగితం వెనక్కి కూడా రావచ్చు అంటున్నారావిడ, రానివ్వండి, అడిగితే చెబుతాను, ఎంత తేలిగ్గా ఉంది, దేశం అడిగి తెలుసుకుని నన్ను తన మనిషిని చేసుకుంటుంది, చేసుకోకపోనూ వచ్చు, అది దాని హక్కు, ఏమీ అడక్కుండా తన బిడ్డని చేసుకున్న మనిషిని నేను పొరపాటు అని ఎలా రాస్తాను