మృత్యుదేవత కనురెప్పలు

మృత్యువు కళ్ళలోకి రెప్ప వాల్చకుండా చూసి వచ్చిన మొనగాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. నమ్మకపోతే మీ ఖర్మ.

మ్యూజియంలో గోడంత బొమ్మ అది. ప్రాణాలు తీసే పని నాకొద్దని బ్రహ్మ ముందు ఏడ్చిన మృత్యుదేవత, తన కన్నీళ్ళు తనే దోసిట్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉండేది. పాత బొమ్మలకి మరమ్మతు చేసే అమ్మాయికి ఆ రెప్పలంటే ప్రాణం. తను పుట్టిన పూటే పోయిన తల్లికి ఫోటో అన్నదే లేదు. అదే పని చేసి రిటైరైన తండ్రి చిన్నప్పుడు ఎత్తుకుని చూపించేవాడు: "అవి మీ అమ్మ రెప్పలే. నేనే వేశాను."

ఇప్పుడు ఎక్స్‌రే తీస్తే వాటి కింద తెరిచిన కళ్ళు బయటపడ్డాయి. పైరంగు తీసెయ్యమన్నారు పెద్ద మేడమ్. ఇంకొకళ్ళ చేతికి ఇవ్వడం ఇష్టంలేక అమ్మాయే ఒప్పుకుంది.

"అయితే మీ అమ్మని లేపుతావన్నమాట," అన్నాడు తండ్రి, కంచం ముందు కూర్చుని.

"లేస్తే ఒక్కసారైనా నన్ను చూస్తుందిగా నాన్నా."

"చూసేది మీ అమ్మ కాదే, పిచ్చిమొహమా!" అని ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయాడు.

పుల్లకి దూది చుట్టి, మందులో ముంచి, తగిలీ తగలనట్టు తుడిచింది. అమ్మ రెప్ప మట్టిరంగు మరకై దూదికి అంటుకుంది. పారెయ్యబుద్ధి కాక జేబులో దాచుకుంది. కింద తడికన్ను. ఎదురుగా వెళ్ళి నిలబడింది. అది ఆమెని చూడలేదు. ఆమె భుజం మీదుగా, కిటికీ పక్క మూలకేసి చూస్తోంది. అమ్మాయి తిరిగి చూస్తే అక్కడేమీ లేదు.

రెండో కన్ను కూడా తెరిచాక తండ్రిని తీసుకొచ్చింది. ఆయన బొమ్మ వంక చూడకుండా నేరుగా ఆ మూలకే నడిచాడు.

"నీ ఉయ్యాల ఇక్కడుండేది. ఇంట్లో చూసే దిక్కులేక నిన్ను పనికి తెచ్చుకునేవాణ్ణి. పొద్దస్తమానం అది నిన్నే చూస్తుండేది. మీ అమ్మని తీసుకెళ్ళింది చాలదా? అందుకే కళ్ళు మూసేశాను. నాకు తెలిసిన మూసిన కళ్ళు అవే మరి."

"ఇప్పుడెలా నాన్నా?"

"నువ్వెళ్ళి పని చూసుకో." స్టూలు లాక్కుని అక్కడే కూలబడ్డాడు. "నన్ను చూడమను. ఎంతసేపు చూస్తుందో నేనూ చూస్తా."

రోజూ వస్తాడు. తలుపులు వేసే వేళకి కాపలావాడు, "లేవండి పెద్దాయనా, రేపూ ఇక్కడే ఉంటుంది," అంటే, "అదేగా నా భయం," అంటాడట.

ఇక నా మొనగాడితనం అంటారా, కళ్ళు గట్టిగా మూసుకుని, గోడ పట్టుకుని బయటపడ్డాను. కథలో నేను కల్పించింది ఒక్కటే, ఆ కళ్ళు మూలకేసి చూస్తాయన్నది. మనం ఎటు నిలబడితే అటే చూస్తాయి. ఆ సంగతి తండ్రికి మాత్రం ఎవరూ చెప్పలేదు. తెలిసిన కూతురు కూడా.