వట్టిపోయిన బర్రెకు తౌడు

ఇటిక్యాలలోని మా ఇంట్లో రెండు బర్రెలుండేవి. పాలిచ్చేదానికి తౌడు, పత్తిచెక్క, కుడితి. వట్టిపోయినదానికి వరిగడ్డి, నీళ్లు. మా అత్తమ్మ తిరుపతమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచీ ఇదే పద్ధతి. పాలివ్వనిదానికి తౌడు పెట్టడమంటే ఆమె దృష్టిలో బూడిదలో పోయడమే.

ఆ వట్టిపోయిన బర్రె ఏడాదిగా ఎదకు రాలేదు. రెండు ఈతల్లోనూ పూటకు నాలుగు లీటర్లు ఇచ్చిన బర్రె.

"ఇది గొడ్డుబోయింది. బాలయ్యకు అమ్ముదాం" అంది అత్తమ్మ. బాలయ్య పశువుల బేరగాడు. అతనికి అమ్మితే అది మళ్లీ ఏ కొట్టానికీ పోదని అందరికీ తెలుసు.

పశువులకు సూది వేసి చూడి కట్టించే సాయన్నను పిలిపించాను. అతను బర్రె పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూశాడు.

"గొడ్డు కాదు సౌందర్యమ్మా, ఆకలి. దాని పానమే నిలుస్తలేదు, ఇంగ కడుపెట్ల నిలుస్తది? కడుపుల పురుగులు పడేటి మందు తాపియ్యి. తౌడు, పచ్చగడ్డి, మినరల్ పొడి పెట్టు. రెండు నెలలు చూడు."

"రెండు నెలలా! నలభై దినాలు ఇస్త, అంతే" అంది అత్తమ్మ.

ఇంటికి వచ్చే తౌడును రెండు పాళ్లు చేశాను. చేను గట్ల మీది పచ్చగడ్డి రోజూ ఒక మోపు కోసి తెచ్చాను. వారం తిరిగేసరికి పాల బర్రె పూటకు అర లీటరు తక్కువ ఇచ్చింది.

"నీ కాలేజి సదువు పాల బర్రెను ఎండబెట్టనీకేనా?" అంది అత్తమ్మ. నా భర్త లక్ష్మణ్ చెంబు పట్టుకుని బయటికి నడుస్తూ, "మీ ఇద్దరి నడుమకు నన్ను గుంజకుండ్రి" అన్నాడు. పాలు తగ్గిన మాట నిజమే. అయినా తౌడు తగ్గించలేదు.

ఆవైతే ఎదకు వచ్చినప్పుడు అరుస్తుంది. బర్రె చాలాసార్లు గుట్టుగా ఉంటుంది. అందుకే రెండు పూటలా తోక ఎత్తి చూసేదాన్ని. పక్కటెముకలు పూడుకున్నాయి, చర్మం నిగనిగలాడింది. ఎద జాడ మాత్రం లేదు.

ముప్పై ఏడో రోజు తెల్లవారేసరికి తొట్టిలో తౌడు అట్లాగే ఉంది.

"తిండి మానింది. రోగమొచ్చినట్టుంది. లక్ష్మణ్, బాలయ్యకు ఫోన్ చెయ్, జల్ది" అంది అత్తమ్మ.

నేను తోక ఎత్తాను. కోడిగుడ్డు తెల్లసొన లాంటి తీగ వేలాడుతోంది.

"రోగం కాదు అత్తమ్మా, ఎదకొచ్చింది. సాయన్నకు ఫోన్ చెయ్యమను."

అత్తమ్మ వంగి చూసింది. సాయంత్రం సాయన్న వచ్చి సూది వేశాడు. చూడి కట్టకుంటే మళ్లీ ఎద రావాల్సిన ఇరవై ఒకటో రోజు దాటింది, బర్రె మళ్లీ ఎదకు రాలేదు. మూడు నెలలకు సాయన్న చేతికి తొడుగు వేసుకుని చూసి, "చూడిదే" అన్నాడు.

ఆ వారమే బాలయ్య ఫోన్ చేశాడు. అత్తమ్మే ఎత్తింది.

"మా బర్రె చూడిది. అమ్మం పో" అని పెట్టేసి నావైపు తిరిగింది. "ఎట్లాగూ కట్టింది గద. ఇంగ తౌడు పాలదానికే పోద్దామా?"

"కడుపుల దూడున్నది అత్తమ్మా. మానుడేంది? ఇంగా ఎక్కువ పెట్టాలె."

"నీతోని గెలువలేను" అని గొణుగుతూ తౌడు సంచి మూతి విప్పింది.