కోటు తగిలించే చెయ్యి

పొద్దున్నే టైలరు మిషను ముందు కూర్చుని మొదట చేసే పని గుండుసూదులన్నీ ఎడమ చేతికి గుచ్చుకోవడం. మోచేతి నుంచి వేళ్ల దాకా ఆ చెయ్యి మాను. పలచటి బూడిదరంగు బెరడు, మణికట్టు దగ్గర ఒక కణుపు, ఎండలు ముదిరే ముందు ఆ కణుపులోంచి నాలుగైదు ఆకులు. సూదులు గుచ్చుకోవడానికి అంతకన్నా అనువైన చోటు ఏ టైలరుకుంటుంది? గుడ్డ జారకుండా అదిమిపట్టడానికీ కుడి చేతికన్నా అదే మేలు. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు తమ సంచులూ గొడుగులూ దానికే తగిలించేవాళ్లు. భార్య వారానికోసారి నూనె రాసి ముదురాకులు గిల్లేసేది. "పెళ్లినాటికి లేతగా ఉండేది. ఇప్పుడు మనిషిలాగే ముదిరిపోయింది" అని ఆవిడ ఫిర్యాదు.

సాయంత్రం మాత్రం ఆ చేతిమీద హక్కు కూతురిది. చిన్నప్పుడు బడి సంచి తగిలించేది. ఇప్పుడు అటవీ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం కాబట్టి కోటు తగిలిస్తోంది. గుమ్మంలో ఆమె చెప్పుల చప్పుడు వినగానే టైలరు కుట్టు మీంచి తల ఎత్తకుండానే చెయ్యి పక్కకు చాపేవాడు. ఆమె కూడా చూడకుండానే తగిలించి వంటింట్లోకి వెళ్లిపోయేది.

వీధిలో ఆమెను పురుగుల డాక్టరమ్మ అనేవాళ్లు. ఆమె చదువంతా ఒకే ఒక్క పురుగు మీద. బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది, ఆకుపచ్చగా తళతళలాడుతుంది, చూస్తే ముచ్చటేస్తుంది. ఎక్కడో పరాయి దేశంలో పుట్టి, సామాను పెట్టెల చెక్కలో దాక్కుని ఓడెక్కి వచ్చింది. బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు బెరడు కింద మెలికలు మెలికలుగా తొలుచుకుంటూ పోయి, ఏడాది తిరిగేసరికి రెక్కలొచ్చి, అరచందమామలాంటి రంధ్రం చేసుకుని బయటపడుతుంది. అప్పటిదాకా చెట్టు నవనవలాడుతూనే ఉంటుంది. సంగతి తెలిసేసరికి చెట్టు పని అయిపోయి ఉంటుంది.

ఆమె అడవిలో చెట్లకు ఎరబుడ్లు కట్టేది. ఆ బుడ్లలోని మందు వాసనకు పురుగులు వచ్చి బోనులో పడతాయి. ఆ వాసన అంటిన కోటు కేంద్రం గేటు దాటకూడదని గోడమీద పెద్దక్షరాలతో రాసి ఉంది. రాయించింది ఆమే.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో పురుగు అడవినీ పొలాలనూ వదిలేసి, తిన్నగా వాళ్ల వీధిలోనే కనిపించింది. వీధికి రెండు వైపులా నీడనిచ్చే చెట్లన్నీ దానికి ఇష్టమైన జాతే. మధ్యలో ఇంకే ఊళ్లోనూ లేని పురుగు ఇక్కడికెలా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి అనుమానం ఎదురింటి వడ్రంగి మీదికి పోయింది. అతను పాత సామాను పెట్టెలు కొని, ఆ చెక్కతో పీటలూ బల్లలూ చేస్తాడు. కొట్టుకు తాళం పడింది. తాళం కాగితం మీద సంతకం పురుగుల డాక్టరమ్మది.

"నా చెక్కలో ఒక్క పురుగు చూపించు తల్లీ, తాళం నేనే వేసుకుంటా" అన్నాడు వడ్రంగి.

"చూపించలేను బాబాయ్. కానీ ఇంకెక్కడి నుంచి వస్తుంది చెప్పు" అంది ఆమె.

ఆమె పుట్టినప్పుడు ఉయ్యాల చేసిచ్చిన మనిషి, ఆ రోజు నుంచి టైలరింటి గుమ్మం తొక్కడం మానేశాడు. వీధి చెట్లన్నిటికీ ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. పురుగులు ఇంకా ఆకులు కొరుకుతున్నాయే గానీ గుడ్లు పెట్టలేదు. పెట్టేలోపే చెట్లన్నీ కొట్టేయాలని పైనుంచి ఆర్డరు.

ఆ సాయంత్రం ఆమె కోటు తగిలించి వెళ్లబోతుంటే టైలరు అన్నాడు.

"చెయ్యి లోపల దురదగా ఉందే అమ్మా."

"మానుకు దురదేంటి నాన్నా?"

"నేనూ అదే అనుకున్నా. కానీ ఉంది."

ఆమె నవ్వుతూనే వంగింది. గుండుసూదుల మధ్య పాత సూదిపోట్లు వందలున్నాయి, అన్నీ గుండ్రంగా. వాటి మధ్యలో ఒకటి గుండ్రంగా లేదు. ఒకవైపు నిటారుగా, ఒకవైపు వంపుగా ఉంది. పక్కనే ఇంకొకటి. మణికట్టు కింద మరికొన్ని. వేలితో తట్టితే సన్నటి పొట్టు ఆమె అరచేతిలో రాలింది.

వేల మానులు చూసిన కళ్లు ఆమెవి. రోజూ ఇంట్లో, కళ్లెదురుగా ఉన్న మానును చూడలేదు.

అప్పుడు కోటు వైపు చూసింది. కిందటేడు బోను తీగ తగిలి జేబు చిరిగింది. కోట్లు కుట్టించడానికి కేంద్రం వాళ్లు బయటివాళ్లకి ఇస్తారు, వారం పడుతుంది. టైలరు కూతురు జేబు కుట్టించుకోవడానికి వారం ఆగడమేంటని ఇంటికి తెచ్చింది. జేబు ఆ పూటే కుట్టేశాడు. కానీ చాపిన చేతికి కోటు తగిలించడంలో బడినాటి సుఖమేదో ఉంది. మర్నాడూ తెచ్చింది, ఆ మర్నాడూ తెచ్చింది. ఆ మడతల్లో పట్టుకుని ఏ పురుగో వచ్చి, ఆ బెరడులో గుడ్లు పెట్టింది. దాని పిల్లలే ఇప్పుడు వీధి నిండా ఉన్నాయి. కంచే చేను మేసింది. శిక్ష మాత్రం ఎదురింటాయనకు పడింది.

"బాబాయి కొట్టు కాదు నాన్నా. నేనే" అని చతికిలబడిపోయింది.

తల్లి వచ్చి చూసింది. నూనె రాసే తనకు కూడా కనబడలేదే అని ఆవిడ గోడకు ఆనుకుపోయింది. టైలరు ఒక్కడే తాపీగా చివరి కుట్టు వేసి దారం కొరికాడు.

"మీ ఆఫీసులో చెబుతావా?" అన్నాడు.

"చెబితే ఏం చేస్తారో తెలుసా నీకు?"

"తెలీదు. చెప్పకపోతే ఏమవుతుందో తెలుసు. పొద్దున్న లేచి ఎదురింటి వాడి మొహం చూడాలి."

మర్నాడు ఆమె పెద్దసారు గదిలో నిలబడి ఉన్నదంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏ జాతి కలప?" అని అడిగాడు. చెప్పింది. "కొట్టిన కలపా, బతికున్నదా?" అని అడిగాడు. "బతికున్నదే సార్" అంది. "పురుగు పట్టిన కలప ఎవరిదైనా, ఎక్కడున్నా, కోసి కాల్చాలని రాసింది నువ్వే కదమ్మా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. టైలరు చేతిలో కుట్టు పక్కన పెట్టాడు. తర్వాత, "అడవిలో మీరు ఎరచెట్టు పెడతారన్నావే, అదేంటి?" అని అడిగాడు.

ఎరచెట్టంటే, ఒక్క చెట్టును ఎంచుకుని దాని బెరడు చుట్టూ వలయంలా ఒలుస్తారు. గాయపడ్డ మాను వాసనకు చుట్టుపక్కల పురుగులన్నీ మిగతా చెట్లు వదిలేసి దానిమీదికే వస్తాయి. గుడ్లన్నీ అక్కడే పెడతాయి. పిల్లలు రెక్కలు విప్పేలోపు ఆ ఒక్క చెట్టూ కోసేస్తే మిగతావన్నీ బతుకుతాయి. ఇదంతా చెప్పాక, ఎందుకడిగాడో ఆమెకు తెలిసింది.

"వద్దు నాన్నా."

"ఎలాగూ కోసేదే కదే. ఊరికే ఎందుకు పోవాలి? గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. వచ్చిన గొడ్డలిని నాకే తగలనీ, వీధికి ఎందుకు?"

పెద్దసారు ఒప్పుకుని చెట్లు కొట్టే మనుషులను ఆపాడు. ఎండ బాగా ఎక్కాక టైలరు కుర్చీ తెచ్చుకుని వీధి మధ్యలో కూర్చున్నాడు. భార్య గుండుసూదులు ఒక్కొక్కటే లాగి డబ్బాలో వేసింది. కూతురు రెండు పిడుల కత్తితో మోచేతి కింద బెరడు ఒలిచింది. అడవిలో ఎన్ని మానులకో చేసిన పనే, ఆ రోజు మాత్రం కత్తి పదేపదే జారింది. కింద తడిగా, తెల్లగా మాను బయటపడింది. మణికట్టు దగ్గరి ఆకులు ఆమె చూస్తుండగానే వాలిపోయాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదు. చల్లగా ఉంది. కోటు కూడా తగిలించు, మరిచిపోయావు."

తగిలించింది. కాసేపటికి మొదటి పురుగు వచ్చి వాలింది. తర్వాత రెండు. ఆ తర్వాత లెక్కలేదు. రెండు వైపుల కొమ్మల్లోంచి పచ్చపచ్చగా దిగివచ్చి, కోటు మడతలూ వేళ్లూ మోచేయీ కనబడకుండా కప్పేశాయి. వీధివాళ్లు గుమ్మాల్లో కదలకుండా నిలబడిపోయారు. టైలరు మాత్రం చేతికేసి వృత్తివాడి కళ్లతో చూసుకుని, "ఎవరో చమ్కీ పని చేసినట్టుందే. బాగా తెలిసినవాడే చేశాడు" అన్నాడు. అంతదాకా బిగపట్టుకున్న భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఎండాకాలమంతా మధ్యాహ్నాలు అలాగే కూర్చున్నాడు. కొమ్మల్లో ఒక్క పురుగూ మిగలలేదని కేంద్రంవాళ్లు ప్రతి చెట్టూ ఎక్కి చూసి తేల్చాక, వడ్రంగి తన రంపం పట్టుకుని వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వీధిలో పురుగు లేదని తేలాకే తీయాలన్న కొట్టు తాళం తీసింది ఆ పొద్దునే.

"బయటివాడెవడో కోస్తే వంకర పోతుంది" అన్నాడు.

"అందుకే ఇంకెవరినీ పిలవలా" అన్నాడు టైలరు.

డాక్టరమ్మ చెయ్యి కదలకుండా పట్టుకుంది. రంపం పొట్టు ఆమె మోకాళ్లమీద పడింది. కోయడం అయ్యాక దాన్ని గోనెలో చుట్టి, మూతి కుట్టి, కేంద్రం బట్టీకి తనే మోసుకెళ్లింది. చెయ్యి అంత తేలికగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. లోపలంతా తొలిచేసి ఉంది.

ఎర్రగుర్తులు వానలకు చెరిగిపోయాయి. టైలరు ఇప్పుడు ఒంటిచేత్తో గుండీలు కుడుతున్నాడు, గుడ్డ జారకుండా భార్య పట్టుకుంటోంది. సరిగ్గా పట్టుకోవడం లేదని రోజూ పోట్లాట. సూదులు డబ్బాలోనే ఉంటున్నాయి. వడ్రంగి ఒకరోజు కొలత తీయకుండానే ఆ చెయ్యి ఉండే ఎత్తులో మిషను పక్క గోడకు కొక్కెం ఒకటి బిగించి పోయాడు. చక్కటి కొక్కెం. దానికి ఎవరూ ఏమీ తగిలించడం లేదు.

కోటు ఇప్పుడు కేంద్రం గేటు దాటడం లేదు. ఒక సాయంత్రం ఆమె వట్టి చేతులతోనే ఇంటికి వచ్చింది. రోజంతా అడవిలో తిరిగిన అలసటలో, ఏదో ఆలోచిస్తూ గుమ్మం దాటింది. చెప్పుల చప్పుడుకు టైలరు కుట్టు మీంచి తల ఎత్తకుండానే ఎడమ భుజం పక్కకు చాపాడు. ఆమె కూడా చూడకుండానే, వేసుకోని కోటును భుజాల మీంచి తీసి, లేని చేతికి తగిలించింది.

ఇద్దరూ ఒకేసారి చూశారు.